మూడు పడితే రెండన్నాను

వరంగల్‌లో మా అమ్మమ్మ వాళ్ళ ఇంటి అరుగు మీద గీసిన అష్టాచెమ్మా పటం ఎన్నడూ పూర్తిగా చెరిగిపోయేది కాదు. పొద్దున్నే చిన్నమ్మ నీళ్ళు గుమ్మరించి చీపురుతో కడిగినా షాబాదు బండ గరుకులో సుద్దగీతల జాడ మిగిలే ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేము ఆ జాడ మీదనే మళ్ళీ సుద్దముక్కతో గీసుకుని కూర్చునేవాళ్ళం. అది ఆజంజాహి మిల్లు కార్మికులు ఎక్కువగా ఉండే వాడ. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లులో మా తాత మగ్గం ఖాతాలో పనిచేసేవాడు. మిల్లు కూత వినిపిస్తే తాత షిఫ్టు దిగి వస్తున్నాడని లెక్క. ఆయన సైకిల్ గంట వినబడేలోపు ఆట ఒక కొలిక్కి రావాలి, ఎందుకంటే ఆయన వచ్చాక అరుగు ఆయనది.

నేను చెప్పదలచుకున్నది 1986 ఎండాకాలం సెలవుల్లో ఆ అరుగు మీద జరిగిన ఒక్క పందెం గురించి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, నాకంటే ఏడాది చిన్న. మూడో మనిషి అమ్మమ్మ.

పందేనికి, అంటే విసిరి అంకె తేల్చుకోవడానికి, మేము గవ్వలు వాడేవాళ్ళం కాదు, చింతగింజలు వాడేవాళ్ళం. నాలుగు మంచి గింజలు ఏరుకుని, బండ మీద రెండు చుక్కల నీళ్ళు పోసి, వేలి కొసలు మండేదాకా అరగదీస్తే ఒకవైపు తొక్క పోయి తెల్లటి పప్పు బయటపడేది. అలా అరిగిన గింజకు ఒక వైపు గోధుమరంగులో నున్నగా, గుండ్రంగా, చమురు రాసినట్టు మెరుస్తుంది. రెండో వైపు తెల్లగా, చదునుగా, వేలితో రాస్తే కొంచెం గరగరమంటుంది. కళ్ళు మూసుకుని తడిమినా ఏ వైపు ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, నేను మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

నాలుగు గింజలు విసిరితే ఎన్ని తెల్లగా పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. చెమ్మా పడినా, అష్టా పడినా, ఎదుటివాళ్ళ కాయను చంపినా ఇంకో పందెం దక్కుతుంది. ఇరవై అయిదు గడుల పటంలో బయటి వరుస పదహారు గడులు చుట్టి, లోపలి వరుస ఎనిమిది గడులు తిరిగి, నడిమింట్లోకి చేరితే కాయ పండినట్టు. అడ్డగీతలు కొట్టిన ఇళ్ళలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. ఇప్పుడు నేను హనుమకొండలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని కనుక ఈ ఆటను చూస్తే చేయి ఊరుకోదు. గింజ రెండు వైపులా సమంగా పడుతుందనుకుంటే నాలుగు గింజలు పదహారు రకాలుగా పడతాయి. అందులో రెండు పడేవి ఆరు, మూడు పడేవి నాలుగు, ఒకటి పడేవి నాలుగు, చెమ్మా ఒకటే, అష్టా ఒకటే. అంటే అన్నిటికంటే మామూలుగా పడేది రెండు. ఈ లెక్క నాకు ఆనాడు రాదు. అయినా నా అబద్ధం మాత్రం ఆ లెక్క తెలిసినట్టే రెండును ఎంచుకుంది.

మా తమ్ముడు తొండి ఆడేవాడు. ఆ సంగతి వాడకంతా తెలుసు, వాడికీ తెలుసు. గోటీలాటలో జానెడు కొలిచేటప్పుడు వాడి జాన సాగేది. చిర్రగోనెలో కర్రతో దూరం కొలుస్తూ ఇరవై నుంచి ఇరవై అయిదుకు దూకేవాడు, పట్టుకుంటే మళ్ళీ ఇరవై దగ్గరికి వచ్చేవాడు. అష్టాచెమ్మాలోనైతే వాడిది వేరే విద్య. నాలుగు గింజలనూ వేళ్ళ మధ్యలో తెల్లవైపు పైకి వచ్చేలా సర్దుకుని, చేయి ఎత్తకుండా బండకు రెండంగుళాల పైనుంచి మెల్లగా జారవిడిచేవాడు. చెమ్మా పడేది. అందుకనే మా అరుగు మీద ఒక కట్టుబాటు పుట్టింది: పందెం వేసేవాళ్ళు గింజలను గలగలలాడించి, చేయి భుజం దాకా ఎత్తి వేయాలి. వాడు మరిచిపోయినట్టు నటించేవాడు, అమ్మమ్మ "చెయ్యి ఎత్తురా" అని గద్దించేది, వాడు నవ్వుతూ మళ్ళీ వేసేవాడు. దాంట్లో ఎవరికీ నష్టం లేదు. వాడు తొండి చేస్తాడని తెలిసే ఆడేవాళ్ళం, పట్టుకోవడం కూడా మా ఆటలో భాగమే అయింది, పట్టుబడితే వెనక్కి తగ్గడం వాడి మర్యాద. వాడు లేని రోజు ఆట చప్పగా ఉండేదని అమ్మమ్మే అనేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడి తొండిని తప్పు అనడానికి నాకు నోరు రాదు.

నేను తొండి ఆడేవాణ్ణి కాదు. ఆ సంగతి కూడా వాడకంతా తెలుసు. అమ్మమ్మకు అప్పటికే రెండు కళ్ళలోనూ మోతిబిందు. పటం గీతలు అలవాటు కొద్దీ తెలిసేవి, తన కాయలను పచ్చ గాజుముక్కలుగా పెట్టుకునేది కనుక అవీ కొంత ఆనేవి, కానీ గింజలు ఏ వైపు పడ్డాయో కనిపించేది కాదు. కాబట్టి ఆమె పందెం వేసి, "ఎంత పడ్డదిరా?" అని నన్ను అడిగేది. తమ్ముణ్ణి అడిగేది కాదు. నేను చెప్పేవాణ్ణి, ఆమె ఏ కాయ జరపాలో చెప్పేది, నేనే జరిపేవాణ్ణి. ఆ ఎండాకాలమంతా నేను ఆమె కళ్ళనన్న మాట.

ఆ రోజు ఆట చివరికొచ్చింది. అమ్మమ్మవి మూడు కాయలు పండాయి, నాలుగోది ఒక్కటే బయట, నా ఇంటికి ఎడమ పక్కనున్న ఇంట్లో క్షేమంగా ఉంది. నాకు కూడా ఒక్క కాయే మిగిలింది. అది బయటి వరుసలో ఆఖరి గడిలో, ఇంకొక్క అడుగు వేస్తే లోపలికి తిరిగే చోట, అడ్డగీత లేని గడిలో నిలబడి ఉంది. మా రెండు కాయల మధ్య సరిగ్గా మూడు. తమ్ముడు నీళ్ళు తాగడానికి లోపల రంజన్ దగ్గరికి పోయాడు. అమ్మమ్మ గింజలు గలగలలాడించి వేసింది. మూడు తెల్లవి, ఒకటి బోర్లా. ఇప్పటికీ ఆ నాలుగూ ఎక్కడెక్కడ ఆగాయో నాకు కనిపిస్తుంది. బోర్లాపడిన గింజ అమ్మమ్మ గాజుముక్కకు తగిలి, కాసేపు ఊగి ఆగింది.

"ఎంత పడ్డదిరా?"

"రెండు" అన్నాను.

ముందుగా అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక సరిదిద్దుకోవడానికి ఒక క్షణం ఉండింది, ఆ క్షణంలో నేను గింజలను చేతిలోకి తీసేసుకున్నాను. అక్కడే అది పొరపాటు కాకుండా పోయింది. ఆమె కాయను ఇంట్లోంచి బయటికి తీసి రెండు గడులు జరిపి, నా కాయకు వెనక గడిలో, కాపు లేని చోట నేనే పెట్టాను.

తమ్ముడు మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పటం చూశాడు. వాడి కాయ అమ్మమ్మ కాయకు నాలుగు గడుల వెనక ఉంది. గింజలు తీసుకుని, గలగలలాడించి, ఎవరూ చెప్పకుండానే చేయి భుజం పైదాకా ఎత్తి విసిరాడు. నాలుగూ తెల్లగా పడ్డాయి. చెమ్మా. వాడు ఎగిరి గంతేసి అమ్మమ్మ గాజుముక్కను చంపి పక్కన పెట్టాడు.

అమ్మమ్మకు చేయి ఎత్తింది కనిపించలేదు. ఆమెకు వినిపించింది చెమ్మా అన్న కేక ఒక్కటే. తనకు కావలసినప్పుడల్లా చెమ్మా పడే మనవడు ఎలా వేస్తాడో ఆమెకు తెలుసు. పైగా ఆనాడు ఆమెకు ఎందుకో మనసు బాగాలేదు, నవ్వుతూ తీసుకునే స్థితిలో లేదు. "ఎప్పటికి గిదేనారా? కండ్లు కానరాని ముసల్దాని దగ్గర గూడనా?" అన్నది. వాడు "అమ్మతోడు, చెయ్యి ఎత్తే వేసిన అమ్మమ్మా" అన్నాడు. "ఇయ్యాల ఆటల నువ్వు లేవు, లే" అన్నది. వాడు నావైపు చూశాడు. నేను పటం వైపు చూశాను. వాడు లేచి వేపచెట్టు కిందికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి నా కాయ పండింది.

డబ్బు కాయని ఆట అది. అణా పైసా లేదు, గెలిచినవాడికి ఒక పిప్పరమెంటు కూడా లేదు. ఊరికే కాలక్షేపానికి ఆడే ఆటలో తొండి చేస్తే పోయేదేముంది అని చాలామంది అంటారు, నేను కూడా ఎన్నో ఏళ్ళు నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ ఆలోచించే కొద్దీ నాకు వేరేగా తోచింది. డబ్బు పెట్టి ఆడే జూదంలో ఎదుటివాడు మోసం చేయవచ్చునన్న ఎరుక అందరికీ ముందే ఉంటుంది. ఋగ్వేదం పదో మండలంలో జూదరి విలపించే అక్షసూక్తం ఉంది. ఆ కాలంలో పాచికలంటే తాండ్రచెట్టు కాయలే, మా చింతగింజల వంటివే. అంత పాత కాలం నుంచీ జూదగాడికి భయం తోడుగానే ఉంది. ఏమీ కాయని ఆటలో ఆ భయం ఉండదు. అక్కడ మనుషులు కాపలా లేకుండా కూర్చుంటారు. పోగొట్టుకోవడానికి వాళ్ళ దగ్గర ఉన్నదల్లా ఎదుటివాడు చెప్పిన అంకె మీద నమ్మకం ఒక్కటే, నేను తీసుకున్నది సరిగ్గా దాన్నే.

భారతంలో జూదానికి కూర్చునే ముందు ఒక చిన్న అభ్యంతరం వస్తుంది. పందేలు నేను కాస్తాను, నా బదులు మామ శకుని ఆడతాడు అని దుర్యోధనుడు అంటే, ఒకరి కోసం ఇంకొకరు ఆడటం సరిగా లేదని ధర్మరాజు అంటాడు. అని కూడా ఆడతాడు. శకుని పాచికల గురించి అందరూ చెప్పుకుంటారు కానీ నాకు ఎప్పుడూ ఆ అభ్యంతరం దగ్గరే మనసు ఆగుతుంది. ఒకరి తరఫున ఇంకొకరు చేయి పెట్టిన చోట ఆట మారిపోతుంది. నేను అమ్మమ్మ తరఫున చూసేవాణ్ణి, ఆమె మీద ఆడేవాణ్ణి కూడా. రెండు పనులూ ఒకడి చేతిలో పెట్టినప్పుడు, ఆ ఒకడు ఎటువంటివాడన్న దాని మీదే మొత్తం ఆట నిలబడుతుంది. తమ్ముడి తొండి అరచేతిలో కనిపించేది. నా తొండి మంచి పిల్లవాడన్న పేరు వెనక దాక్కుంది. ఆ పేరే లేకపోతే అమ్మమ్మ నన్ను అడిగేదే కాదు.

ఆ సెలవులయ్యాక కూడా ఏళ్ళ తరబడి ఆ అరుగు మీద ఆడాం. మళ్ళీ ఎన్నడూ అంకె మార్చి చెప్పలేదు. చెప్పకపోవడంతో పాత తప్పు చెల్లిపోయిందని అనుకున్నానేమో.

2002లో మిల్లు మూతపడింది. తాత అంతకు ముందు ఏడాదే పోయాడు. మిల్లు మూతపడిన ఏడాదే అమ్మమ్మ రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక ఆదివారం చూడ్డానికి వెళితే, నల్లద్దాలు తీసి గూట్లో పెట్టి, "ఆడుదాం పా, ఇప్పుడు నాకు గింజలు కనిపిస్తున్నయ్" అన్నది. కానీ తాత పోయిన తర్వాత ఆమె బాగా తగ్గిపోయింది. చేతిగాజులు లేవు, పటం మీద పెట్టుకోవడానికి గాజుముక్కలు కూడా లేవు, తెల్లరాళ్ళు ఏరుకుంది. ఆమెను చూస్తే నాకు గుండె పట్టేసినట్టయింది, ఎట్లాగైనా గెలిపించాలనుకున్నాను. నాకు మూడు పడింది. మూడు జరిపితే నా కాయ ఇంట్లోకి పోయి క్షేమంగా ఉంటుంది. రెండు జరిపి, ఆమె చంపడానికి వీలైన చోట ఆపాను.

ఆమె నా చేయి పట్టుకుంది. "మూడు పడ్డది. రెండెందుకు జరిపినవ్?"

పొరపాటైందని గొణిగాను. ఆమె వినలేదు. నేను చిన్నప్పుడు ఎన్నడూ చూడనంత కోపం వచ్చింది ఆమెకు. "నన్ను ఆటల అరటిపండును జేస్తున్నవా?" అన్నది.

చిన్నపిల్లలు మారాం చేస్తే వాళ్ళను ఆటలోకి తీసుకుని, వాళ్ళకు తెలియకుండా లెక్కలోంచి తీసేసి, ఆటలో అరటిపండు అంటాం. ఆ పిల్లవాడు పరుగెత్తుతాడు, కేకలు వేస్తాడు, పట్టుకున్నాననుకుంటాడు. మిగిలినవాళ్ళు కనుసైగలు చేసుకుంటారు. మూడేళ్ళ పిల్లవాడికి అది ముద్దు. డెబ్భై దాటిన మనిషికి, అందులోనూ మగడు పోయి ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుతూ, ఏ పనీ చేయనివ్వకుండా కూర్చోబెట్టిన మనిషికి, ఆ అరుగు మీద చోటు ఒక్కటే ఇంకా లెక్కలో ఉన్న చోటు. నేను దాన్ని కూడా తీసేయబోయాను. ప్రేమతో చేసిన తొండి కనుక తొండి కాదని అనుకున్నాను. ఆమె చేతి పట్టులో అది తొండేనని తెలిసింది.

ఆ మూడు, ఆ రెండు అన్న మాటలు అదే అరుగు మీద ఆమె నోటి నుంచి వినేసరికి నేను ఇక ఆగలేకపోయాను. పదహారేళ్ళ కిందటి పందెం గురించి మొత్తం చెప్పాను. తనకు పడింది మూడు అని, నేను రెండన్నానని, తమ్ముడు చేయి ఎత్తే వేశాడని చెప్పాను. ఆమె ఒక గింజ తీసుకుని, బొటనవేలితో తెల్లవైపు రాస్తూ చాలాసేపు ఊరుకుంది.

"తడిమి చూసుకుంటే నాకు తెలిసేదే" అన్నది చివరికి. "నువ్వు చెప్తున్నవ్ గదా అని తడమకపోతుంటి."

తర్వాత తన సంగతి వదిలేసింది. "ఆ పోరన్ని చెట్టు కిందికి తోలితిని గదరా. వానికి చెప్పినవా?"

చెప్పలేదు. చెప్తానన్నాను. మూడేళ్ళ తర్వాత ఆమె పోయింది, అప్పటికీ చెప్పలేదు. వాడు మస్కట్ పోయాడు, రెండేళ్ళకోసారి వచ్చేవాడు, వచ్చినప్పుడు పెళ్ళిళ్ళూ, చుట్టాలూ, స్థలాల పనులూ. అవి సాకులని నాకు తెలుసు. పెద్ద తప్పు ఒప్పుకోవడానికి ఒక సందర్భమంటూ ఉంటుంది. ఇంత చిన్నదాన్ని ఒప్పుకోవడానికి నలభై దాటిన ఇద్దరు మగవాళ్ళ మధ్య చోటు దొరకదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి వాడు అక్కడ గదిలో, నేను ఇక్కడ ఇంట్లో ఇరుక్కుపోయినప్పుడు రాత్రిపూట ఫోన్‌లో లూడో ఆడటం మొదలుపెట్టాం. పాచిక ఫోనే వేస్తుంది, అంకె ఫోనే చెప్తుంది, కాయ తనంతట తాను జరుగుతుంది. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. నాలుగు రోజులు ఆడాక వాడు, "దీంట్ల మజా లేదన్నా, తొండి చేసుడే రాదు" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చెప్పేశాను. ఫోన్ చెవికి పెట్టుకుని, చీకట్లో డాబా మీద నిలబడి, అమ్మమ్మకు చెప్పినట్టే మొత్తం చెప్పాను.

వాడికి చెట్టు కింద కూర్చున్నది గుర్తు లేదట. అమ్మమ్మ తిట్టింది కూడా గుర్తు లేదట. "నన్ను తిట్టని రోజెప్పుడు ఉండె" అన్నాడు. నా గుండె కొంచెం కుదుటపడేలోపు వాడి గొంతు మారింది.

"గానీ ఆ చెమ్మా యాదికున్నది అన్నా. అది నిజంగనే పడ్డది. చెయ్యి గింత ఎత్తి వేసిన. ఎవ్వలూ నమ్మలే." కాసేపు ఆగి, "నువ్వు చూసినవ్ గదా?" అన్నాడు.

అంకె మార్చి చెప్పడమే నా తప్పని ముప్పై నాలుగేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. పదేళ్ళ పిల్లవాడు జీవితంలో ఒకసారి న్యాయంగా వేసి, కోరిన చెమ్మా తెచ్చుకుని, దానికి సాక్షి ఉన్నాడని నావైపు చూస్తే, నేను పటం వైపు చూశాను. అమ్మమ్మకు నేను చేసింది ఒక గడి తేడా. వాడికి చేసింది ఏమిటో ఆ రాత్రి దాకా నాకు తెలియదు.

"చూసిన" అన్నాను. "మంచిగనే వేసినవ్."

అవతల వాడు ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత, "చెమ్మా పడ్డంక ఇంకో పందెం ఉంటది గదనే. అది నాకియ్యలే మీరు" అన్నాడు.

2022 దసరాకు వాడు వచ్చాడు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అరుగు లేదు. మా ఇంటి హాల్లో టైల్స్ మీద సుద్ద అంటకపోతే పిల్లల స్కెచ్ పెన్నుతో పటం గీశాం. చింతగింజలు నేను ముందు రోజే అరగదీసి పెట్టాను. పటం మీద రెండే కాయలు పెట్టాం: అమ్మమ్మ కాయను చంపిన గడిలో వాడిది, దానికి ఒక్క అడుగు ముందర నాది. ఒకటి పడితే నేను చస్తాను. వాడు గింజలు గలగలలాడించి, చేయి భుజం పైకి ఎత్తి, ఎత్తిన చేయి నాకు కనిపిస్తున్నదో లేదో ఒకసారి చూసుకుని, విసిరాడు. కళ్ళద్దాలు లోపలి గదిలో మరిచిపోయి వచ్చాడు.

"ఎంత పడ్డదన్నా?"

నాలుగు గింజలనూ కదలకుండా అట్లాగే ఉంచి, వాడి చేయి పట్టుకుని ఒక్కొక్క గింజ మీద పెట్టించాను. నున్నగా ఒకటి, గరుగ్గా ఒకటి, గరుగ్గా ఇంకొకటి, నున్నగా ఇంకొకటి.

"రెండు" అన్నాడు వాడు.